ముడి

నవంబరులో పెట్టాను దరఖాస్తు.
మార్చి ఆఖరికి లైసెన్సు గడువు తీరింది.
ఏప్రిల్లో గొర్రెలు ఈనాయి.
వాటి నెలలు ఏ ఆఫీసూ పొడిగించదు కదా.

రోత్‌బరీ దాటి పన్నెండు మైళ్లు, కొండవాలులో మా కొట్టం.
నక్కకి దారి కొట్టినపిండి.
పోలీసాయన మాత్రం రెండుసార్లు తప్పిపోయి
రెండుసార్లూ ఫోన్ చేసి అడిగాడు.

మర్యాదస్తుడే.
బూట్లు గుమ్మంలోనే విప్పాడు,
ఎడమ మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు.
టీ ఇస్తే చక్కెర వద్దన్నాడు.
గోడకి బిగించిన ఇనప్పెట్టెని
పళ్ల డాక్టరు పన్ను కదిపినట్టు కదిపి చూశాడు.

"తాళంచెవి ఎక్కడుంటుందో ఇంట్లో ఇంకెవరికైనా తెలుసా?"
"ఇంట్లో ఇంకెవరూ లేరు."
రాసుకున్నాడు.

నలభై ఒక్క ఏళ్ల కాపురం.
నా అప్పులు తెలుసు మార్జరీకి, నా గురక తెలుసు,
మా నాన్నని పాతిపెట్టిన రోజు తమ్ముణ్ణి నేనన్న మాట తెలుసు.
తాళంచెవి చోటు ఒక్కటే తెలియకూడదు.
భార్యక్కూడా చెప్పొద్దంటుంది చట్టం.
అయిదేళ్లకోసారి ఎవరో ఒకరొచ్చి ఆవిణ్ణే అడిగేవారు,
"ఆయన కళ్లజోడు ఎక్కడ పెడతాడో అడుగు నాయనా,
అది ఆయనకే తెలీదు, నేను చెబుతాను" అనేది.

చట్టం తప్పని నేననను.
దక్షిణాన ఏదో ఊళ్లో ఎవడో చేసిన ఘోరం
పేపర్లో నేనూ చూశాను.
ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.
కానీ వాడికీ నాకూ ఒకటే ఫారం,
ఒకటే కలం, ఒకటే చిన్న గడి.

డాక్టరు ఉత్తరానికి డెబ్భై పౌండ్లు.
"భార్య చనిపోయిన నెలలో పదకొండు రోజులు
నిద్రమాత్రలు వాడారు" అని రాసింది ఆ తల్లి,
ఉన్నదే రాసింది.
దాంతో ఆగింది ఫైలు.
ఎన్నో బల్ల మీద ఆగిందో ఎవరూ చెప్పరు.
ఫోన్ చేస్తే పియానో వాయిస్తారు.
ఆ పియానో వింటూ నేనొక గొర్రెకి పురుడు పోశాను,
స్పీకరు గడ్డి మీద పెట్టి.

తుపాకి తీసుకెళ్లారు.
రెండు గొట్టాలది, మా నాన్నది,
చెక్క మీద ఆయన చెంప ఆనించిన చోట నునుపు.
ప్లాస్టిక్ సంచిలో దూర్చి
ఎండిన పూలగుత్తి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.
రసీదిచ్చాడు.
రసీదు చూపిస్తే నక్క ఆగదు.
ఏడు పిల్లలు పోయాయి. ఏడోది తలే లేకుండా దొరికింది.
ఫెన్విక్ వాళ్ల కుర్రాడొచ్చి మూడు తూటాలు కాల్చి
మా నీళ్ల తొట్టికి చిల్లు పెట్టి వెళ్లాడు.
వాడి లైసెన్సు దివ్యంగా ఉంది.

"నిద్ర బాగా పడుతోందా?" అన్నాడు వెళ్లేముందు.
పడుతోందన్నాను.
టిక్కు పెట్టాడు.

జనవరిలో ఒక రాత్రి
తాళంచెవి తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాను.
నక్క అరవలేదు ఆ రాత్రి. కుక్క కూడా.
పాత తాడు ఎప్పుడో పీకిపోయి ఉండాలి,
వేలికి తగిలింది కొత్త ఉన్ని.
నీలం రంగు, ఆవిడ స్వెట్టరుది.
ముడి నాది కాదు.
నా ముడులు గొర్రెని కట్టేసే ముడులు,
ఇది బొత్తాం కుట్టి కొరికి తెంపే మనిషి ముడి.

ఎన్నేళ్లనించి తెలుసో.

ఆ మాట ఫారంలో ఎక్కడ రాయాలి?
నేను చెప్పలేదు.
ఆయన అడగనూ లేదు, పాపం,
చీకటి పడకముందే కొండ దిగాలన్నాడు.

ఇప్పుడు పెట్టె ఖాళీ.
రాత్రి పడుకోబోయే ముందు
అలవాటుగా వెళ్లి తాళం లాగి చూస్తాను,
చెవిని మళ్లీ అక్కడే దాస్తాను.
రేపు తొమ్మిదింటికి ఫోన్ చెయ్యాలి.
తొట్టి చిల్లుకి తారు కావాలి.