అడ్డకొయ్య

ఇదలీనా బొమ్మలన్నిటినీ నేను వెనకనుంచే ముందు చూశాను.
చట్రాలు కట్టేవాణ్ణి. నాకు దక్కేది వీపే.

మొదట్లో నిలువు చట్రాలు అడిగేది.
ఐదడుగుల ఎత్తు, రెండున్నర వెడల్పు,
మనిషి పట్టేంత.
ఆవైరో ఉప్పుమడుల్లో
నెత్తిన బుట్టతో గట్టెక్కే బెల్మీరా
ఆ కొలతలో సరిగ్గా నిలబడేది,
మడమల పగుళ్లు, చుట్టకుదురు కింద చెమట,
చెవి వెనక అంటుకున్న ఉప్పుపలుకుతో సహా.
గుడ్డ వెనక్కి నూనె ఊరి
నా వైపూ ఒక ఆడమనిషి మరక పడేది.
ఊరు ఎగబడి కొనేది.
బ్యాంకులో ఒకటి, చేపల మార్కెట్టు మెట్ల దగ్గర ఒకటి.

ఓ చలికాలం,
"కొంచెం పొట్టిగా కోయి, ఫౌస్టీనూ" అంది.
ఆ ఏడే బెల్మీరాకి మోకాళ్లు పోయాయి.
బొమ్మలోనూ మోకాళ్లు పోయాయి.
తరవాత మొహం.
"మొహం ఉంటే మొహాన్నే చూసిపోతున్నారు,
బరువుని ఎవరూ చూడట్లేదు"
అని నాతోనే అంది కాబోలు. నేను మేకులు లెక్కపెడుతున్నాను.

బుట్ట కొన్నాళ్లు మిగిలింది.
బుట్ట పోయి దాని నీడ.
నీడా పోయి, నీడ పడ్డచోట తడి.
నా రంపానికి తెలిసిందల్లా
నిలువుకొయ్యలు కుంగుతున్నాయి,
అడ్డకొయ్యలు సాగుతున్నాయి.
పోయినసారి తొమ్మిదడుగులు!
కొట్టు తలుపు పట్టక కిటికీలోంచి దాటించాం.
బ్యాంకువాళ్లు వద్దని తిప్పిపంపారు.
గోడంత తెలుపు ముందు నిలబడి
"ఉప్పేదీ?" అన్నాడట మేనేజరు.

నిన్న బెల్మీరాని చక్రాల కుర్చీలో
కూతురు తీసుకొచ్చింది.
తొమ్మిదడుగుల బూడిదతెలుపు.
అక్కడక్కడ గులాబి,
వేసవి చివర మడి గడ్డకట్టేముందు తేలే రంగు.
ఎడమ కొసన, పైకి, ఒక వాలుగీత. ఇటుకరంగు.
చాలాసేపు చూసి
"నేనెక్కడ?" అంది ముసలామె.
ఇదలీనా ఏమీ చూపించలేదు.
"రోజుకి అరవై బుట్టలు మోశాను.
బొమ్మలో ఒక్కటైనా దించావటే?"
కసిరింది. కసిరి, తల పక్కకి వాల్చింది,
గీత వాలిన వైపే.
మెడ అలవాటు కావచ్చు. అది ఎప్పుడూ అటే ఉండేది.
నాకు తెలీదు. నేను కొలతలవాణ్ణి.

ఇవాళ పొద్దున్నే ఇదలీనా కొట్టుకొచ్చింది.
ఇక చట్రం వద్దట,
గుడ్డని గోడకే కొట్టేస్తుందట.
"మరి నా కూలి?" అన్నాను.
నవ్వింది. నవ్వుతూ, నా బల్లమీది రంపపుపొట్టుని
అరచేత్తో ఈ చివరనుంచి ఆ చివరకి
ఒక్కసారి తుడిచి,
చేతిని కాదు, బల్లనే చూస్తూ
అలా నిలబడిపోయింది.

మధ్యాహ్నమైంది.
నేనింకా ఊడ్చలేదు.