అక్క బొటనవేలు

జీడిసొనకి గీతలన్నీ కాలిపోయి
రేషన్ మిషన్ కూడా గుర్తుపట్టని బొటనవేలు.
నాన్న తోట కాగితం మీద
దాన్ని మూడుసార్లు అద్దించాను.
ఆ రాత్రి అక్కకి చిక్కుడుకాయ కూర
నేనే వండిపెట్టాను.

పదకొండేళ్లు.
పలాసలో ఒకే చర్చి, మాకు చెరో తలుపు.

మొన్న ఆదివారం పాస్టరమ్మ చదివింది:
మోసపోయిన అన్నే ముందు పరుగెత్తుకొచ్చాడట.
మోసం చేసినవాడు
మందల్ని ముందు తోలి
వెనక కుంటుతూ వచ్చాడట.

నేనూ తోలాను.
మేనకోడలి పెళ్లికి చీర, క్రిస్మస్‌కి కేకు.
రెండూ తిరిగొచ్చాయి.

ఇవాళ ఉత్తచేతుల్తో
పట్టాలు దాటి కాశీబుగ్గ వెళ్లాను.
అక్క పరుగెత్తలేదు,
మోకాళ్ల నొప్పులు మరి.
పిక్కల గోనె పక్కకి జరిపి
"కూకో" అంది.

అన్నం పెట్టింది.
కూరేటని నేనడగలేదు.