పాతిక మీటర్లు

పాతిక మీటర్లంటే ఎంతెత్తో
ఎవరికీ తెలియలేదు.
అందుకని ఆదివారం పొద్దున
ఊరుమ్మడి గడ్డిమైదానంలో
నైలాన్ తాడు కట్టి ఓ ఎర్ర బెలూను వదిలారు.

తాడు కొలిచింది క్లైవ్ ప్లమ్‌రిజ్, పని మానేసిన వడ్రంగి.
మీటరుకో ముడి.
పన్నెండో ముడికి చర్చి గంట కిందయింది,
పద్దెనిమిదికి కాకులు కూడా.
పాతికో ముడి దగ్గర
ఎవరూ ఏమీ అనలేదు.

"అదిగో, అంత ఇనుము" అంది గ్లెనిస్
మెడ పట్టేసి కిందికి చూస్తూ.

ఈ గడ్డి ఎవరిదీ కాదు, అందుకే అందరిదీ.
గొర్రెల్ని తోలుకునే హక్కు
ఇంకా ఏడిళ్ళకుంది. గొర్రెలే లేవు.

నేనూ సంతకం పెట్టాను.
తొమ్మిదేళ్ళయింది,
ఈ ష్రాప్‌షైర్ బురద నా బూట్లనీ వదలదు.
పెట్టానే గానీ,
ఆ మంగళవారం రాత్రి కళ్ళలోంచి పోదు:
మెట్ల కింద పడున్న మిసెస్ బీడోస్,
ఆంబులెన్సు కోసం నేను
ఫోను ఎత్తి పట్టుకుని, వానలో,
ఈ మైదానం మిట్ట దాకా పరుగెత్తడం.
ఒక్క గీత. ఒకే ఒక్క గీత.

ఆవిడే ఇవాళ చక్రాల కుర్చీలో బెలూను కేసి చూస్తూ
"వద్దంటే వద్దు, నా కిటికీకి కొండ కనపడదు" అంటోంది.
ఆవిడ తుంటి, ఆవిడ కొండ.
మధ్యలో నేనెవర్ని?

మధ్యాహ్నానికి గాలి లేచింది.
బెలూను ఒరిగి ఒరిగి ముళ్ళపొదలో చిక్కుకుంది.
క్లైవ్ ముడులు విప్పుకుంటూ కూర్చున్నాడు.
మీటింగు గురువారమని
రానివాళ్ళకి ఫోన్లు చేసి చెప్పాలి.
ఒక్కొక్కరే మిట్ట ఎక్కుతున్నారు.