మూడో పాటలో ఓడ

టికెట్టు నాది కాదు, మా వదిన ఐలీది.
ఆమెకి పన్ను నొప్పి, నాకు సెలవు.
డులూత్‌లో నవంబరు మంచు అప్పుడే దిగింది.

నేను వంతెన మనిషిని.
ఓడ కూత వేస్తే బదులు కూత వేసి
అంత ఇనుమునీ ఆకాశంలోకి లేపి
ఓడ దాటాక మళ్ళీ దించుతాను.
ఇరవై రెండేళ్ళుగా నాకున్న సంగీతం అదొక్కటే.

పెద్ద బ్యాండు బస్సు
హింక్లీ దగ్గర మంచులో కూరుకుపోయిందని
మేనేజరు మైకులో చెప్పగానే
సగం హాలు లేచి కోట్లు తొడుక్కుంది.
నేనూ ఒక చెయ్యి దూర్చాను.
రెండో చేతికి స్లీవు దొరకలేదు.
ఆ వెతుకులాటలో ఉండగా వచ్చింది ఆవిడ.

వెర్‌డెల్ మాక్సీ. ఎవరూ వినని పేరు.
మోచేతుల దగ్గర పిగిలిన ఎర్ర స్వెట్టరు,
పొట్ట మీద వార్నిషు ఊడిన గిటారు.
"నాకున్నవి ఎనిమిది పాటలే,
కాస్త మెల్లగా పాడతాలెండి" అంది.

మొదటి రెండూ నాలిక్కి అంటుకునే పాటలు,
సూపర్‌మార్కెట్లో బండి తోసుకుంటూ
తెలియకుండానే తలాడించే రకం.
బాగున్నాయి.
నేను ఆగింది మాత్రం స్లీవు కోసమే.

మూడో పాటలో
ఒక చెల్లెలు, ఒక అప్పు, ఒక బస్టాండు, అంతే కథ.
"వస్తానన్నావు" అనే మాట దగ్గర
ఆవిడ తీగని వేలితో పక్కకి నెట్టింది.
స్వరం మెట్టు దిగలేదు,
మెట్టుకీ మెట్టుకీ నడుమ
గోడ పట్టుకుని జారింది.

సరిగ్గా అప్పుడే
సరస్సు మీంచి ఓడ కూత,
ఒకటి పొడుగు, రెండు పొట్టి.
నా కుడిచెయ్యి దానంతటదే
చీకట్లో లివరు కోసం తడుముకుంది.
డ్యూటీలో హార్లన్ ఉన్నాడు, బదులిచ్చాడు.
ఆవిడ కళ్ళు తెరవలేదు.
తీగని ఇంకాస్త నెట్టింది.
ఇంకాస్త.
కూత ఉన్న చోటు దాకా.

ఆ స్వరానికి పియానోలో మెట్టు లేదు.
పన్నెండేళ్ళప్పుడు చర్చిలో వెతికాను,
నల్లదీ తెల్లదీ కలిపి నొక్కి
మిసెస్ సుంద్‌విస్ట్ చేత
వేళ్ళ మీద స్కేలు దెబ్బ తిన్నాను.
అది ఇక్కడుంది చూడండి మేడమ్,
మీరు పోయిన పద్దెనిమిదేళ్ళకి.

ఎనిమిదీ అయిపోయాయి. బస్సు కదల్లేదు.
మిగిలినవాళ్ళం నలభై ఒక్కరం, లెక్కపెట్టాను.
ఆవిడ నీళ్ళు తాగి
మొదటి పాటే మళ్ళీ ఎత్తుకుంది,
చక్కెరంతా తీసేసి, చప్పట్లకి చోటివ్వకుండా.
నవ్వుతూ చెప్పిన మాటనే
నవ్వు లేకుండా ఇంకోసారి చెప్పినట్టు.

"జోరుగా పాడితే అద్దె వస్తుంది,
ఇది మా మేనత్త పాడే తీరు" అంది.
అంతకుమించి మేనత్త గురించి చెప్పలేదు.
నా పక్కన మంచు తోసే బండి డ్రైవరు
తడి బూటుతో తాళం వేస్తూ
తాళం తప్పుతూ ఉన్నాడు.

బయట బల్ల మీద సీడీలు పేర్చుకుని
కాగితం పొట్లంలోంచి చిప్స్ తింటోంది.
ఏదో గొప్పగా అందామనుకుని
"ఎంత?" అన్నాను.
"పది" అని, చిల్లర వెతుకుతూ అడిగింది:
"మూడో పాటలో మోగిందే, అదేంటి?"
"ఓడ. రెండోది మా వంతెన."
"మీ వంతెన కాస్త శ్రుతి దిగింది.
పోన్లే, నేనే కిందికొచ్చాను."

"బ్యాండు ఎలా ఉంది?" ఫోన్లో వదిన.
"రాలేదు."
"అయ్యో, రాత్రంతా దండగైందన్నమాట."
ఆమె పన్ను సంగతి అడగడం మర్చిపోయాను.

మర్నాడు రాత్రి సున్నపురాయి ఓడ వచ్చింది.
బదులు కూతని మూడు సెకన్లు ఎక్కువ లాగాను,
కొసన కొంచెం వంచబోయాను.
వంగలేదు, గాలి గొట్టం దాని ఇష్టం దానిది.

రిజిస్టరులో కారణం రాసే గడి ఒకటుంటుంది.
"ఎదురుగాలి" అని రాశాను.
పొద్దున హార్లన్ చదివాడు,
కిటికీలోంచి కదలని జెండా వైపు చూశాడు,
కింద సంతకం పెట్టాడు.