సున్నం చల్లే పురుగు

పొగతోట ఆసుపత్రిలో గొంతులోకి నల్ల గొట్టం దించి
నా కడుపుని నాకే టీవీలో చూపించారు.
ఎర్రగా, తడితడిగా, గట్టు అరిగి
పట్టుబడి అయిపోయిన రొయ్యల గుంటలాగుంది.

"మెలికల పురుగు," అన్నాడు డాక్టరు,
"యాసిడ్‌లోనే కాపరం."
యాసిడ్‌లో ఎట్టా బతుకుద్ది సార్, అంటే
"చుట్టూతా సున్నంలాంటిదేదో చేసుకుంటాది,
తన మేరకి పులుపు విరుచుకుంటాది."

నవ్వబోయి ఆగినా.
ఇరవై రెండేళ్లుగా నేను చేసే పనీ అదే గదా,
వానకి గుంట పులిసిన రాత్రి
తలకి తువ్వాలు చుట్టుకొని
గట్టెంబడి నడస్తా సున్నం చల్లడం.
నా కడుపులో ఇంకో రైతుండాడు,
కౌలు కట్టకుండా.

పద్నాలుగు రోజులు, గుప్పెడేసి మాత్రలు.
నోరంతా రాగిచెంబు నాకినట్టు.
ఎర్రకారం దోశ వాసనొస్తే వీధి మారి పోయినా.
నెలాగి చూస్తే, ఉండాది.
వేరే మాత్రలు, ఇంకో పద్నాలుగు రోజులు.
ఉండాది.
"దీనికి ఈ మందులు ముందే పరిచయం,"
కాగితం మీంచి తలెత్తకుండా అన్నాడు డాక్టరు,
"ఎక్కడ పరిచయమైందో?"

నేను చెప్పలా.
షెడ్డెనక పూడ్చిన సంచుల సంగతి చెప్పలా.
తోకలెర్రబడిన ఏడు
గుడ్డుసొనతో మేతకి పట్టించిన పసుపు పొడి,
సముద్రం దాటి పోయి, పరీక్షలో దొరికి
తిరిగొచ్చిన కంటైనరు,
ఆ గుంటలోదే మేం వండుకున్న శేరు రొయ్యలు.
ఇదే కారణమని ఎవురూ అనలా.
కాదనీ అనలా.

ముత్తుకూరు కాలేజీ నించి నౌషీన్ వచ్చేది,
తెల్లారుజామున, స్కూటీ మీద, ఐసు డబ్బాతో.
రొయ్యని తడిగుడ్డలో పట్టుకొని
కాలి మొదట్లో సూది గుచ్చి
చుక్క రక్తం లాగేది.
నీళ్లలో సిరా పడి మరిచిపోయిన రంగు.

"వచ్చిన జబ్బుని రాసిపెట్టుకునే పుస్తకం
దీని ఒంట్లో లేదు మామా.
మరి ఈ బురదలో, ఇన్ని పురుగుల్లో
ఎట్టా నెగ్గుకొస్తందంటావు?"

తునకలు చేసుకుంటాదంట.
మాంసకృత్తుల తునకలు,
దండకి యాభై అరవై పూసలు, అంతే.
పురుగు ఒంటి పొరకి అతుక్కొని కన్నం వేస్తాయంట,
తూము పగిలిన గట్టులాగా
లోపలిదంతా బయటికి.
మన మాత్ర తాళంచెవి,
పురుగు తాళం మార్చేసుకుంటాది.
ఇది నేరుగా గోడ కూల్చే బాపతు.
గోడ మార్చుకోడం కష్టమంట.
"అసలు మార్చుకోదని కాదు,"
చేతులు కడుక్కుంటా అంది.

పుట్టినకాడి నించీ రొయ్యల ఇగురు తింటానే ఉండానే,
అంటే పగలబడి నవ్వింది.
పొయ్యి మీద చెడినవి చెడగా
మిగిలినవాటిని ముద్దతో పాటు
కడుపే అరాయించుకుంటాదంట.
అదే వాళ్ల తలనొప్పి,
కడుపుకని చేసిన మందుని కడుపు తినకుండా చూడాల.
ఎన్నేళ్లు పడుద్దమ్మా?
ఐసు డబ్బా మూత బిగించింది.
"నీ కడుపు గోడ కూడా అట్టాంటివి చేస్తాది మామా.
చాల్లేదంతే."

ఆ మాట నాతో ఇంటిదాకా వచ్చింది.
అన్నం కాడ కూచుంది.
సుగుణ చారు పోస్తా, ఎవురితో మాట్లాడతన్నావు, అంది.

ఈ ఏడు మళ్లా తోకలెర్రబడినాయి.
డీలరు పొట్లం పంపించినాడు, డబ్బులు పంటకిద్దువులే అని.
చొక్కా జేబులో నా మూడో చీటీ మాత్రలు,
చేతిలో దాని పొట్లం.
రెండూ ఒకటే బరువు.

కరెంటు పోయి ఏరేటర్లు ఆగినాయి.
ఉప్పుకాలవ అవతల ఎవురిదో జనరేటరు దగ్గతా ఉంది.
నల్లటి నీళ్ల మీద
రొయ్యొకటి ఎగిరి పడింది,
ఇంకోటి.
పొట్లం కొస చించకుండా
గట్టు మీదే నిలబడుండా.