కెమెరా నాలుగు

ఫర్వానియాలో మూడో అంతస్తు, రాత్రి డ్యూటీ.
నా ముందు పదహారు తెరలు, అన్నీ నల్లవే.
అలారం మోగితేనే ఇల్లు కళ్ళు తెరుస్తుంది,
అదీ ముప్పై సెకన్లు.
ఆ ముప్పైలోనే తేల్చాలి నేను,
దొంగనో, పిల్లినో, గాలినో.

నాలుగేళ్ళలో దొంగ ఒక్కడే దొరికాడు.
వాడూ ఆ ఇంటి అల్లుడే.
మిగతావన్నీ
ఏసీ గాలికి ఊగిన పరదాలు,
ఇస్త్రీపెట్టె ఆవిరి,
తెల్లారుజామున నమాజుకు లేచి
కోడ్ మరిచిపోయిన ముసలాయన.

"పెట్టించుకోవచ్చా? పనికొస్తుందా?"
అని అడిగేవాళ్ళకి
అట్టముక్క మీద రాసిచ్చిన జవాబుంది నా దగ్గర:
మనశ్శాంతికి వెల కట్టలేం సార్.
కడతాం. నెలకి పద్దెనిమిది దీనార్లు.

జులైలో, మిష్రెఫ్ విల్లా.
ఇంటివాళ్ళు ట్రాబ్జోన్ కొండల్లో చల్లగా ఉన్నారు.
రెండూ నలభైకి హాలు వెలిగింది:
పుట్టినరోజు నాటి వెండిరంగు బుడగ,
సగం గాలి దిగి, మనిషి ఎత్తున
తీరిగ్గా తిరుగుతోంది,
ఇల్లు కొనడానికి వచ్చినట్టు.
సైరన్ కింద ఓ ఆడమనిషి
చీపురు తిరగేసి పట్టుకుని
"ఎవుర్రా అది, నేనొక్కదాన్నే ఉండానని..."

ఇంగ్లీషు, అరబ్బీ తప్ప మాట్లాడకూడదు.
మైకు నొక్కాను.
"అక్కా, గది బుగ్గనే. బుగ్గ. భయపడకు."
ఆమె చీపురు వదిలేసి
చెంప తడుముకుంది.
మా మెట్‌పల్లిలో బుగ్గంటే బుడగ.
యాసని బట్టి ఆమెది రాయచోటి వైపు.
అక్కడ బుగ్గంటే బుగ్గే.

గోడ తెలుగు మాట్లాడిందని
ఎవరికి చెప్పుకుంటుంది?
నాకు మందలింపు చీటీ వచ్చింది.
మడిచి టీకప్పు కింద పెట్టుకున్నాను.

పదోనాడు మళ్ళీ అదే హాలు.
బుడగ లేదు.
సెన్సార్ కింద నిలబడి తనే
తువ్వాలు ఊపుతోంది, రైలు ఆపేవాడిలా.
"తమ్ముడూ, ఉండావా? నేను మస్తానమ్మని."
పేరు చెప్పడానికే నాలుగు సెకన్లు ఖర్చుపెట్టింది.
"ఒకటే మాట అడగాల.
నేను పండుకునే కాడ గూడా ఉందా ఇది?"

జాబితా ఎదురుగానే ఉంది.
ఒకటి హాలు. రెండు వంటిల్లు. మూడు మెట్లు.
నాలుగు, స్టోరు.
స్టోరులో పరుపు ఉంటుందని జాబితాకి తెలీదు.
నాకు తెలుసు,
మోత మొదలైతే నాలుగూ ఒకేసారి తెరుచుకుంటాయి:
బియ్యం బస్తాలకీ నూనె డబ్బాలకీ నడుమ
మడత పరుపు, దిండు మీద దువ్వెన.
నేను చూసేది ముప్పై సెకన్లు.
ట్రాబ్జోన్‌లో ఫోను పట్టుకున్నవాళ్ళకి
ఆ లెక్క లేదు.

పదకొండు. పది.
"ఉంది అక్కా. ట్యూబులైటు పక్కన,
పొగ కనిపెట్టే డబ్బీ లెక్క."
ఆమె తలాడించింది, అంతే.
ధర విని బేరమాడకుండా
వెళ్ళిపోయే మనిషిలా.
తెర నల్లబడింది.

పొద్దున బూ ఖలీఫా ఫోను:
"రెండుసార్లూ ఉత్తుత్తివే. ఇంకో ఏడాది కట్టడం దండగేమో?"
అట్టముక్క చేతిలోకి తీసుకున్నాను.
చదవడానికి నోరు రాలేదు.
"ఇప్పటిదాకా ఏం పోయింది సార్ మీ ఇంట్లో?" అన్నాను.
ఏమీ పోలేదన్నాడు, గర్వంగా.
కట్టేశాడు.

ఆగస్టు తనిఖీలో
నాలుగో తెర నిండా
ఆకుపచ్చ గళ్ళు, నూలు పోగులు,
పోగుల సందుల్లో కాస్త వెలుతురు.
ఫారంలో మూడు గడులు:
బాగుంది, బాగాలేదు, మనిషిని పంపాలి.

మొదటి గడిలో టిక్కు పెట్టి
ఐదో కెమెరాకి వెళ్ళాను.