వాన పట్టిన తంతి

"బొమ్మ వద్దనుకుంటే కళ్ళు మూసుకుంటారు,
చెవులకు రెప్పల్లేవు కదా!"
మాదాపూర్ అద్దాల గదిలో
బల్లమీద గోటితో మూడుసార్లు కొట్టి చెప్పింది మృణాళిని మేడమ్.
"రెండు సెకన్లు చాలు.
వినగానే మన పరుపు గుర్తుకు రావాలి,
ఆవలింత కూడా రావాలి."

కంపెనీ పేరు పవళింపు.
నాకు యూసఫ్‌గూడలో ఒక గది,
గోడలకు గుడ్ల ట్రేలు, పైన కుట్టుమిషన్ల క్లాసు.
వారం రోజులు వీణ మీటించాను, వేణువు ఊదించాను,
ఒక జోలపాటను నాలుగు ముక్కలు చేశాను.
ఏదీ నిద్రపుచ్చలేదు, నన్ను తప్ప.

ఎనిమిదో రోజు సందు మలుపులోంచి
ట్వుంయ్...

నబీసాబు.
భుజాన మనిషంత విల్లు, చంకలో చెక్క గూటం.
దూదేకుతానని ఒక్కనాడూ కేకెయ్యలేదు.
రహమత్‌నగర్‌లో, బోరబండలో
మూలమీద నిలబడి తంతి ఒక్కసారి మీటితే
పాత బొంతలు మోసుకుని గడపలు దిగేవాళ్ళు.
నలభై ఏళ్ళుగా ఆయన బోర్డూ అదే, పేరూ అదే.

మైకు ముందు కూర్చోబెడితే అటూ ఇటూ చూశాడు.
"దూదేది?"
దూదెందుకు, మోత చాలన్నాను.
"దూది లేంది తంతి ఏం చెప్తది సార్?
చెమ్మగుంటే మొద్దుగ పల్కుతది,
ఇడిపోతున్నకొద్ది సన్నగైతది.
మస్తు సన్నగైనంక ఆపాలె. గదే లెక్క."

నా దిండే చింపి ఇచ్చాను.
గది నిండా తెల్లటి పొగ, ముక్కులో, మీటల సందుల్లో.
అందులోంచి మూడు దెబ్బలు కోసుకున్నాను:
మొద్దుది, నడిమిది, సన్నది.
మొదటిదానికీ మూడోదానికీ మధ్య
గంటసేపు పని ఉండింది.
అది తీసేశాను.

రెండువేలు లెక్కపెట్టుకుని
ఆటోకు వేరే అడిగాడు. ఇచ్చాను.
నా బిల్లు ఎంతో ఇక్కడ రాయను.

ఆ రెండు సెకన్లకు ముప్పై పేజీల రూల్సు రాశారు.
బోనాలకు డప్పు కలపరాదు,
రంజాన్‌కు నెమ్మది చేయరాదు,
శ్రుతి వెంట్రుకవాసి మారరాదు.
తలుపు తీసే లిఫ్టులో, డబ్బు కట్టిన ఫోన్‌లో,
డెలివరీ వ్యాన్ వెనక్కి నడిచేటప్పుడు,
మెట్రోలో అమీర్‌పేటకీ పంజాగుట్టకీ నడుమ,
ట్వుంయ్ ట్వుంయ్ ట్వింయ్.

ఏకు మేకైందని అమ్మ ఎప్పుడూ అంటుండేది.
ఇదిగో, ఊరి చెవిలో దిగింది మేకు.
కొట్టింది నేనే.

ఆర్నెల్లకు నా పరుపు నడుము దగ్గర గుంట పడింది.
కంప్లైంటు చేద్దామని ఫోన్ చేస్తే
మీ కాల్ మాకు ముఖ్యం అంటూ
నలభై నిమిషాలు నా మోతే నాకు వినిపించారు.
పదో నిమిషానికి లెక్కపెట్టడం మానేశాను.
ఆవలింత మాత్రం రాలేదు.

మొన్న శ్రావణంలో, ముసురు,
రహమత్‌నగర్ సందులో గొడుగు కింద నడుస్తున్నాను.
ట్వుంయ్...
ఒక్క తలుపూ తెరుచుకోలేదు.
పాన్‌డబ్బా దగ్గర ఇద్దరు
జేబుల్లోంచి ఫోన్లు తీసి చూసుకున్నారు.

రెండో అంతస్తు బాల్కనీ కటకటాల్లోంచి
ఒక పిల్లాడు మొహం పెట్టాడు, పళ్ళు ఇంకా రాలేదు ముందు రెండు.
"తాతా, తప్పు వాయిస్తున్నవ్!"

నబీసాబు బొటనవేలితో తంతిని తడిమి
పైకి చూసి నవ్వాడు.
"వాన పట్టింది బిడ్డా, తంతి నానింది."
వాడు ఒప్పుకోలేదు.
"అట్ల కాదు, ఇట్ల" అని
పాడి చూపించాడు మూడింటినీ,
వెంట్రుకవాసి తేడా లేకుండా, నేను కోసినట్టే.

నబీసాబు తల వంచి విన్నాడు.
"మల్లొక్కసారి అను" అన్నాడు.
వాడు మళ్ళీ పాడాడు.
విల్లు గోడకు ఆనించి
మెల్లగా తంతి బిగించడం మొదలుపెట్టాడు ఆయన.

గొడుగు ముందుకు వంచుకున్నాను,
నన్ను గుర్తుపట్టకుండా.